చైనా ఆలయం: కళింగాంధ్ర యాత్రికునికి ఒక పరిచయం

చైనా సంప్రదాయ ఆలయం ఒక్క గుడిగా ఉండదు. ప్రహరీ లోపల, దక్షిణం నుంచి ఉత్తరానికి గీసినట్టున్న ఒకే బారున, ఒకదాని వెనక ఒకటిగా మండపాలు ఉంటాయి. రెండు మండపాల మధ్య విశాలమైన ముంగిలి, అటూ ఇటూ వసారాలు ఉంటాయి. మన గుడిలో గోపురం దాటి మండపం, మండపం దాటి అంతరాలయం చేరేకొద్దీ చోటు ఇరుకవుతుంది, వెలుతురు తగ్గుతుంది. చైనా ఆలయంలో లోపలికి వెళ్లినకొద్దీ మళ్లీ మళ్లీ ఆకాశం కనబడుతుంది. బౌద్ధులవి, తావో మతస్థులవి, జానపద దేవతలవి, కన్ఫ్యూషియస్‌కు కట్టినవి అన్నీ దాదాపు ఈ పద్ధతిలోనే ఉంటాయి. లోపల కొలువైనవారే వేరు.

ఈ వ్యాసంలో ప్రధానంగా బౌద్ధాలయం గురించి చెప్పడానికి కారణం ఉంది. విజయనగరం దగ్గరి రామతీర్థంలో, శ్రీకాకుళం దగ్గరి శాలిహుండంలో ఇటుక పునాదులుగా, విరిగిన శిల్పాలుగా మిగిలిన మతం చైనా ఆలయంలో ఈనాటికీ ధూపదీపాలు అందుకుంటోంది. ఈ రెండు చోట్లూ చూసినవారికి చైనా ఆలయం పరాయి ఇల్లు కాదు. అక్కడి దేవతల్లో కొందరు ఇక్కడి నుంచి, ఇక్కడి ఇరుగుపొరుగు నుంచి వెళ్లినవారే.

అక్కడి నుంచి వచ్చిన యాత్రికుడు

మనం వాళ్ల ఆలయాలు చూడక ముందే వాళ్ల యాత్రికుడు మన ఆలయాలు చూసి రాసిపెట్టాడు. బౌద్ధ భిక్షువు హ్యూయన్‌త్సాంగ్ 629లో తాంగ్ వంశపు రాజధాని చాంగాన్ నుంచి బయల్దేరి, భారతదేశమంతా తిరిగి, 645లో 657 గ్రంథాలతో తిరిగి వెళ్లాడు. మరుసటి ఏడాది పూర్తయిన అతని యాత్రా గ్రంథంలో ఓడ్ర, కొంగోద దేశాల తర్వాత కళింగం వస్తుంది. అతను ఈ వైపు వచ్చింది 639 ప్రాంతంలో. పంటలు వేళకు పండుతాయనీ, వందల లీల (లీ అంటే చైనా దూరపు కొలత) పొడవునా అడవులు ఉన్నాయనీ, ఇరుగుపొరుగు రాజ్యాలవారు కోరి తెప్పించుకునే పెద్ద నల్ల ఏనుగులు ఇక్కడివేననీ రాశాడు. జనం ముక్కోపులైనా మాట మీద నిలబడతారనీ, వారి పలుకు తేలికగా, స్పష్టంగా ఉంటుందనీ అన్నాడు. ఉత్తరాంధ్ర యాసను వేళాకోళానికి వాడుకునే రోజుల్లో ఈ మాట తలచుకోదగ్గది.

మతం సంగతికి వస్తే అతను నిజాయితీగా లెక్క చెప్పాడు. కళింగంలో బౌద్ధ విహారాలు పదే. భిక్షువులు ఐదువందల మంది. దేవాలయాలు మాత్రం వందకు పైగా ఉన్నాయి. అన్యమతస్థుల్లో అందరికంటే ఎక్కువమంది నిర్గ్రంథులు, అంటే జైనులు. రాజధానికి దక్షిణాన అశోకుడు కట్టించినదని చెప్పే వంద అడుగుల స్తూపాన్ని కూడా ప్రస్తావించాడు. ఆ రాజధాని ఏదన్న విషయంలో పరిశోధకులు ఏకాభిప్రాయానికి రాలేదు. కానీ జైనుల గురించి అతను చెప్పింది రామతీర్థం దుర్గకొండ మీద జైన శిల్పాల రూపంలో కనిపిస్తుంది. తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుని కాలపు (1011–1018) శాసనం అక్కడి జైన గురువును పేర్కొంటోంది. అంటే ఆ యాత్రికుడు వచ్చి వెళ్లిన దాదాపు నాలుగు వందల ఏళ్లకు కూడా ఈ కొండల్లో జైనం నిలిచే ఉంది. ఆ కాలపు కళింగంలో ఏ మతం ఎంత బలంగా ఉందో ఇంత స్పష్టంగా చెప్పే సాక్ష్యం మనవాళ్ల చేతిరాతలో దొరకదు. అందుకు ఆ భిక్షువుకు మనం రుణపడి ఉన్నాం.

కళింగం నుంచి అతను కోసలకు, అక్కడి నుంచి ఆంధ్ర దేశానికి, తర్వాత ధాన్యకటకానికి వెళ్లాడు. ధాన్యకటకంలో కొన్ని నెలలు ఆగి, సుభూతి, సూర్య అనే ఇద్దరు భిక్షువుల దగ్గర మహాసాంఘిక శాఖ అభిధర్మం చదివాడని అతని జీవితచరిత్ర చెబుతోంది. తిరిగి వెళ్లాక తెచ్చిన గ్రంథాలను భద్రపరచడానికి చాంగాన్ సి-ఎన్ ఆలయంలో 652లో కట్టించిన గోపురం పునర్నిర్మాణాలతో నేటికీ ఉంది. నేటి షియాన్ నగరానికి వెళ్లిన ప్రతి యాత్రికుడూ చూసే పెద్ద అడవిబాతు గోపురం అదే.

ద్వారం నుంచి మహామండపం దాకా

ఆలయ ముఖద్వారాన్ని కొండద్వారం అంటారు. కొండల్లో ఆలయాలు కట్టిన నాటి పేరు ఊళ్లలోని ఆలయాలకూ నిలిచిపోయింది. మామూలుగా మూడు వాకిళ్లు ఉంటాయి. నడిమి వాకిలి వదిలి పక్కవాటిలోంచి వెళ్లడం మర్యాద. గడప మోకాలి ఎత్తున కూడా ఉండవచ్చు. దాన్ని తొక్కకుండా దాటాలి. ఈ నియమం తెలుగువారికి ఎవరూ నేర్పనక్కర్లేదు. చెప్పులు విడిచే పని మాత్రం లేదు. గుడిలోకి చెప్పులతో అడుగు పెట్టడానికి మనవాళ్ల కాళ్లు మొదట ఒప్పుకోవు.

మొదటి మండపంలో ఎదురుగా బానపొట్టతో నవ్వుతూ కూర్చున్నది మైత్రేయుడు, అంటే రాబోయే బుద్ధుడు. పదో శతాబ్ది తొలినాళ్లలో జోలె భుజాన వేసుకుని తిరిగిన ఒక భిక్షువు మైత్రేయుని అవతారమని జనం నమ్మారు. ఆయన రూపమే మైత్రేయుని రూపమై స్థిరపడింది. మన ఊళ్లలో బహుమతుల దుకాణాల్లో ‘లాఫింగ్ బుద్ధ’ పేరుతో అమ్మే బొమ్మ ఈయనదే. గౌతమ బుద్ధునికీ ఈ బొమ్మకూ సంబంధం లేదు.

ఆయనకు అటూ ఇటూ నలుగురు దిక్పాలకులు ఆయుధాలతో నిలబడి ఉంటారు. తూర్పున వీణ లాంటి వాద్యం పట్టినవాడు ధృతరాష్ట్రుడు. దక్షిణాన కత్తి పట్టినవాడు విరూఢకుడు. పడమర పాముతో ఉన్నవాడు విరూపాక్షుడు. ఉత్తరాన గొడుగు పట్టినవాడు వైశ్రవణుడు, అంటే మన కుబేరుడే. నాలుగు ఆయుధాలనూ కలిపి, గాలివాన అనుకూలంగా ఉండాలన్న ప్రార్థనగా చైనా రైతులు చెప్పుకున్నారు. మైత్రేయుని వెనకవైపు, లోపలి మండపానికి ఎదురుగా, కవచం తొడిగిన యువకుడొకడు కాపలా ఉంటాడు. అతని పేరు వెయ్‌తువో. స్కందుడే బౌద్ధ ధర్మపాలకుడై అక్కడికి చేరాడని పండితుల అభిప్రాయం.

ముంగిట్లో తూర్పున గంట మేడ, పడమర భేరి మేడ ఉంటాయి. తెల్లవారుజామున గంటతో, సాయంత్రం భేరితో రోజు నడుస్తుంది. నడుమ కంచుతోనో ఇనుముతోనో పోతపోసిన పెద్ద ధూపపాత్ర కనిపిస్తుంది. దాని వెనక మెట్లెక్కితే మహామండపం. కర్ర స్తంభాల మీద, దూలం మీద దూలంగా, మేకులు లేకుండా అమర్చిన కొయ్య బోదెల మీద బరువైన పెంకుల కప్పు నిలుస్తుంది. కొసలు పైకి వంగిన ఆ కప్పే చైనా ఆలయానికి ముఖం. కర్రతో కట్టడం వల్ల నిప్పుకూ, యుద్ధాలకూ వేల ఆలయాలు పోయాయి. మిగిలినవాటిలో తేదీ తెలిసినంతవరకు అతి పాతది వూతాయ్ పర్వతం దగ్గరి నాన్‌చాన్ మండపం, 782 నాటిది. మనం రాతితో, ఇటుకతో కట్టుకున్నందుకు శాలిహుండంలో కనీసం పునాదులు దక్కాయి.

మహామండపంలో శాక్యముని. ఆయన ఎడమన, కుడిన వృద్ధుడైన కాశ్యపుడు, యువకుడైన ఆనందుడు. గోడల పొడుగునా పద్దెనిమిది మంది అర్హంతులు. బుద్ధుని రొమ్ము మీద తరచు స్వస్తిక కనిపిస్తుంది. శాలిహుండంలో ఇటుకలతో స్వస్తిక ఆకారం పొదిగిన స్తూపపు పునాది చూసినవారు ఆ గుర్తు దగ్గర ఒక్క క్షణం ఆగుతారు.

గువాన్‌యిన్ పక్కన తెలుగు కుర్రవాడు

చాలామంది యాత్రికులు శాక్యమునికి దండం పెట్టి బయటపడతారు. అసలు విశేషం ఆయన వెనకుంది. మహామండపంలో ప్రధాన విగ్రహాల వెనకనున్న తెర గోడకు రెండోవైపు, ఉత్తరంగా చూస్తూ, సముద్రంలోని కొండ మీద నిలిచినట్టు గువాన్‌యిన్ ఉంటుంది. అవలోకితేశ్వరుడే ఈమె. భారతదేశంలో పురుషరూపంలో ఉన్న బోధిసత్త్వుడు చైనాలో పదో శతాబ్ది తర్వాత క్రమంగా తెల్లని వస్త్రాలు కట్టిన తల్లిగా మారాడు. పిల్లలు లేనివారు, సముద్రం మీద పోయేవారు, రోగులు అందరూ ఆమెనే వేడుకుంటారు. ఆమె కొండ పేరు పోతలకం. బౌద్ధ గ్రంథాలు దాన్ని దక్షిణ భారతంలో ఉన్నట్టు చెబుతాయి. చైనావారు తమ తూర్పు తీరంలోని ఒక దీవికి పుతువో అని ఆ పేరే పెట్టుకుని, దాన్ని ఆమె క్షేత్రంగా చేసుకున్నారు.

ఆమె పాదాల దగ్గర ఇద్దరు పిల్లలు ఉంటారు. ఆడపిల్ల నాగకన్య. చేతులు జోడించిన మగపిల్లవాడి పేరు షాన్‌చాయ్, సంస్కృతంలో సుధనుడు. గండవ్యూహ సూత్రంలో ఇతను దక్షిణాపథంలోని ధన్యాకరమనే నగరంలో శ్రేష్ఠి కొడుకు. ఊరికి తూర్పున ఉన్న సాలవనంలోని చైత్యం దగ్గరికి మంజుశ్రీ వచ్చినప్పుడు ఆయన మాట విని, జ్ఞానం కోసం యాభైమందికి పైగా గురువులను వెతుక్కుంటూ దేశమంతా తిరుగుతాడు. ఆ గురువుల్లో రాజులు, భిక్షువులే కాదు, నావికుడు, వేశ్య, పరిమళాలు అమ్మేవాడు, చిన్న పిల్లలు కూడా ఉన్నారు. అవలోకితేశ్వరుడూ వారిలో ఒకడు. అందుకే ఆ పిల్లవాడు అక్కడ నిలబడ్డాడు.

ధన్యాకరం మన ధాన్యకటకమే, అంటే అమరావతి ప్రాంతమేనని పలువురు పరిశోధకులు భావించారు. ఊరి పేరు, దక్షిణాది స్థానం, పక్కన మహాచైత్యం ఇవన్నీ కలిసి వస్తున్నాయి. ఈ గుర్తింపు సబబైనదని నా నమ్మకం. అలా అయితే చైనా, తైవాన్, సింగపూర్, పెనాంగ్‌లలో గువాన్‌యిన్ పక్కన చేతులు జోడించి ఉన్న ఆ కుర్రవాడు కృష్ణాతీరపు వర్తకుని కొడుకు. ఇంతమంది దండం పెట్టే తెలుగు దేశపు కథానాయకుడు మరొకడు నాకు తెలియదు. మన పాఠ్యపుస్తకాల్లో అతని పేరు లేకపోవడం బాధాకరం.

ఈ గ్రంథం చైనాకు చేరిన కథలో కళింగపు పొరుగు కూడా ఉంది. 795లో ఓడ్ర దేశపు రాజు తన చేతిరాతతో గండవ్యూహ ప్రతిని తాంగ్ చక్రవర్తి దజొంగ్‌కు కానుక పంపాడు. ప్రజ్ఞుడనే భారతీయ భిక్షువు దాన్ని 798 నాటికి నలభై సంపుటాలుగా చైనా భాషలోకి తెచ్చాడు. మహేంద్రగిరికి ఉత్తరాన ఉన్న ఆ రాజ్యం నుంచి తాంగ్ దర్బారు దాకా పుస్తకం ప్రయాణించింది.

మారీచి, ఇంకా మనవాళ్లు

పెద్ద ఆలయాల్లో బుద్ధుని అటూ ఇటూ ఇరవై లేదా ఇరవైనలుగురు దేవతల వరుస ఉంటుంది. పేర్లు చైనా భాషలో ఉన్నా, బ్రహ్మ, ఇంద్రుడు, యముడు, సూర్యచంద్రులు, సరస్వతి, లక్ష్మి, మహేశ్వరుడు అందరూ అక్కడ ఉంటారు. మంచి గైడు దొరికితే ఒక్కొక్కరినీ చూపిస్తాడు. దొరక్కపోతే చేతిలోని వస్తువును బట్టి పోల్చుకోవాలి.

ఆ వరుసలోనే మారీచి ఉంది. వేకువ వెలుగుకు అధిదేవత అయిన ఈమె మూడు ముఖాల్లో ఒకటి వరాహముఖం. రథాన్ని లాగేవి ఏడు పందులు. చైనా తావో మతస్థులు ఈమెను నక్షత్రమాతతో కలిపి కొలుస్తారు. శాలిహుండం తవ్వకాల్లో తార, మారీచి విగ్రహాలు దొరికాయి. ఆ కొండ మీద హీనయానం, మహాయానం, వజ్రయానం ఒకదాని తర్వాత ఒకటి నడిచాయనడానికి అక్కడి కట్టడాలు, విగ్రహాలే సాక్ష్యం. వంశధార ఒడ్డున పూజ ఆగిపోయిన దేవత ఆ ఆలయాల్లో ఇంకా సాయంత్రపు ధూపం అందుకుంటోంది.

శాలిహుండం కొండ, చైనా గోపురం

శాలిహుండం శ్రీకాకుళం జిల్లా గార మండలంలో, వంశధార దక్షిణపు ఒడ్డున, కళింగపట్నం రేవుకు కొద్ది మైళ్ల దూరంలో ఉంది. దీన్ని 1919లో గుర్తించింది గిడుగు రామమూర్తి పంతులు. వ్యావహారిక భాష కోసం పోరాడిన ఆ మహానుభావుడే మన బౌద్ధ చరిత్రకూ ఈ తలుపు తెరిచాడు. ఆ తర్వాత లాంగ్‌హర్‌స్ట్, టి.ఎన్. రామచంద్రన్, ఆర్. సుబ్రహ్మణ్యం తవ్వకాలు జరిపారు. క్రీస్తుపూర్వం రెండో శతాబ్ది నుంచి క్రీస్తుశకం పన్నెండో శతాబ్ది దాకా ఇక్కడ బౌద్ధం నిలిచింది. రాతి మెట్ల వెంట పైకి వెళ్తుంటే చిన్న స్తూపాలు, గుండ్రటి చైత్యం, గజపృష్ఠాకార చైత్యాలు వస్తాయి. మహాస్తూపంలో స్ఫటిక పేటికలు, బంగారు పూలు దొరికాయి. పైనుంచి చూస్తే నది, దాని వెనక సముద్రం.

చైనా ఆలయం కూడా మొదట స్తూపం చుట్టూనే పుట్టింది. లోయాంగ్‌లోని యుంగ్‌నింగ్ ఆలయంలో 516లో లేచిన మహాగోపురం ఆవరణకు నట్టనడుమ ఉండేది. 534లో అది తగలబడింది. స్తూపం చైనాకు చేరాక అంతస్తుల గోపురమై పైకి పెరిగింది. లోపల ధాతువులు ఉంచే పని మాత్రం అదే. శతాబ్దాలు గడిచేకొద్దీ విగ్రహం ఉన్న మండపం నడిమికి వచ్చింది, గోపురం పక్కకో వెనక్కో జరిగింది. స్తూపం నుంచి ప్రతిమకు సాగిన ఈ మార్పును శాలిహుండంలో ఒకే కొండ మీద చూడవచ్చు. ప్రతిమ లేని మహాస్తూపంతో మొదలై, పూజాగృహాలతో, చివరికి తార, మారీచి శిల్పాలతో ఆ చరిత్ర ముగుస్తుంది. రామతీర్థం గురుభక్తులకొండ మీద అలెగ్జాండర్ రీ బయటపెట్టిన స్తూపం, చైత్యాలు, విహారాల గదులు కూడా చైనా ఆలయపు పూర్వరూపాన్ని అర్థం చేసుకోవడానికి పనికొస్తాయి. మధ్యలో పూజాస్థలం, చుట్టూ భిక్షువుల గదులు, పక్కన భోజనశాల అన్న అమరిక రెండు చోట్లా ఒకటే.

రెండు దేశాల పరిచయం ఏకపక్షం కాదని నాగార్జునకొండ శాసనం చెబుతోంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలంలో బోధిశ్రీ అనే ఉపాసిక వేయించిన ఆ శాసనంలో, సింహళ భిక్షువులు ధర్మం చెప్పిన దేశాల జాబితాలో కాశ్మీర గాంధారాల పక్కన చైనా పేరుంది.

లిన్ మో, పైడితల్లి

బౌద్ధం కాని చైనా ఆలయాలు ఇంకా ఎక్కువ. ఎర్ర ముఖంతో, పొడుగు గడ్డంతో కూర్చున్న గువాన్ యూ మూడో శతాబ్దపు సేనాపతి. మాట తప్పనివాడని వర్తకులు కొలుస్తారు. ఊరి పొలిమేరలో చిన్న గూట్లో ముసలి దంపతులు కనిపిస్తే వారు భూమి దేవతలు. మన గ్రామదేవతల పని చేసేది వీరే.

విజయనగరంవాళ్లు తప్పక చూడవలసిన ఆలయం మాత్రం మాజు దేవతది. ఫుజియన్ తీరంలో 960లో పుట్టిందని చెప్పే లిన్ మో పెళ్లి కాని పడుచు. తుఫానులో చిక్కుకున్న తండ్రినీ అన్ననూ కాపాడబోయిందని, చనిపోయాక జాలర్లకు దారి చూపే దేవత అయ్యిందని కథ. మన పైడితల్లి కథ కూడా తోబుట్టువు కోసం కుమిలిన ఆడపడుచుదే. 1757 బొబ్బిలి యుద్ధం వేళ అన్న విజయరామరాజు చనిపోయాడని విని పెద్దచెరువు గట్టున ప్రాణం విడిచిన పూసపాటి ఇంటి ఆడబిడ్డ ఊరి దేవత అయ్యింది. విజయదశమి తర్వాతి మంగళవారం సిరిమాను ఎక్కే పూజారిని చూడడానికి వచ్చే జనంలాగే, మాజు జన్మదినాన పల్లకీ వెంట ఊళ్లకు ఊళ్లు కదులుతాయి. ఇంటి ఆడపడుచు పోయాక ఊరికి తల్లి అవుతుందన్న నమ్మకం రెండు తీరాల్లోనూ ఒకేలా పుట్టింది. ఇది ఒకరి నుంచి ఒకరు తీసుకున్నది కాదు.

దర్శనం

మూడు అగరుబత్తులు వెలిగించి, మంటను నోటితో ఊదకుండా చేత్తో ఆర్పి, రెండు చేతులతో నుదుటి దాకా ఎత్తి, ధూపపాత్రలో నిలపాలి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో రద్దీ ఎక్కువ. ప్రశ్న అడిగేవారు వెదురు గొట్టంలోని పుల్లలను ఊపుతారు. బయటపడిన పుల్ల మీది అంకెను బట్టి చీటీ తీసి చదువుకుంటారు. భిక్షువులు జపం చేస్తుంటే ఫొటోలు తీయకూడదు. విగ్రహాలను తీయడానికి కూడా చాలా చోట్ల అనుమతి లేదు. ఏడో నెల పౌర్ణమికి ఆకలిగొన్న పితరులకు అన్నం పెట్టే పండగ జరుగుతుంది. దాని మూలకథ మౌద్గల్యాయనుడు తల్లిని నరకం నుంచి విడిపించడం. మన మహాలయ పక్షం తెలిసినవారికి దాని అర్థం వెంటనే తెలుస్తుంది.

చైనాలో తిండికి భయపడే శాకాహారులకు బౌద్ధాలయ భోజనశాల మంచి చోటు. ఆరో శతాబ్దంలో లియాంగ్ చక్రవర్తి వూ పట్టుదలతో భిక్షువులకు మాంసం నిషిద్ధమైంది. ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. కార్తీక మాసంలో మన ఇళ్లలో వండే వంటకు ఇది దూరమేమీ కాదు.

దగ్గరలో ఎక్కడ

చైనా దాకా వెళ్లక్కర్లేదు. పలాస, శ్రీకాకుళం రోడ్, విజయనగరం మీదుగా వెళ్లే హౌరా రైలు ఎక్కితే కలకత్తా తిరెట్టా బజారులో చైనావారి ఆలయాలు ఉన్నాయి. 1905 నాటి సీ ఇప్ ఆలయంలో గువాన్‌యిన్ కొలువుంది. పద్దెనిమిదో శతాబ్ది చివర వారెన్ హేస్టింగ్స్ హయాంలో పంచదార మిల్లు పెట్టిన తొలి చైనా వలసదారు సమాధి, ఆలయం బజ్‌బజ్ దగ్గరి అచిపూర్‌లో ఉన్నాయి. చైనా కొత్త సంవత్సరానికి కలకత్తా చైనావారు అక్కడికి వెళ్తారు.

కళింగపట్నం, బారువ, భీమునిపట్నం రేవుల నుంచి స్టీమరెక్కి రంగూన్ వెళ్లిన మన కూలీలకు ఈ ఆలయాలు కొత్త కావు. రంగూన్ రేవు వీధిలో 1861లో మొదలైన మాజు ఆలయం ఇప్పటికీ ఉంది. 1942లో జపాన్ దాడితో ఆ కూలీల్లో వేలమంది కాలినడకన తిరిగి వచ్చారు. సింగపూర్ వాటర్‌లూ వీధిలో 1884 నాటి గువాన్‌యిన్ ఆలయం, 1870 నాటి కృష్ణుని గుడి పక్కపక్కనే ఉన్నాయి. గువాన్‌యిన్‌కు మొక్కిన చైనావారు కృష్ణుని ముందు కూడా అగరుబత్తి వెలిగించి వెళ్తారు. పెనాంగ్‌లో 1890లలో మొదలైన కేక్ లోక్ సీ ఆలయపు ఏడంతస్తుల గోపురానికి అడుగు చైనా తీరులో, నడుము థాయ్ తీరులో, శిఖరం బర్మా తీరులో ఉంటాయి.

చైనాలో 1966–76 మధ్య సాంస్కృతిక విప్లవంలో ఎన్నో ఆలయాలు ధ్వంసమయ్యాయి, 1978 తర్వాత మళ్లీ తెరిచారు. వైద్యవిద్యకు అక్కడికి వెళ్లే తెలుగు విద్యార్థులు ఇప్పుడు చూసేవి చాలావరకు మరమ్మతు చేసి నిలబెట్టినవే. లోయాంగ్ శ్వేతాశ్వ ఆలయం సంప్రదాయం ప్రకారం 68 నాటి తొలి ఆలయం. అందులో సాంచీ నమూనాతో భారత ప్రభుత్వ సాయంతో కట్టిన స్తూపాన్ని 2010లో అప్పటి రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ ప్రారంభించారు.

ఈ ఆలయాలు చూడబోయేవారికి ఒక్క మనవి. ముందు శాలిహుండం కొండ ఎక్కండి, కింద ఉన్న ప్రదర్శనశాలలో శిల్పాలు చూడండి, రామతీర్థం వెళ్లినప్పుడు రాములవారి దర్శనంతో ఆగక గురుభక్తులకొండ కూడా ఎక్కండి. పిల్లలను వెంట తీసుకువెళ్లండి. శ్రీకాకుళం నుంచి శాలిహుండానికి గార మీదుగా రోడ్డు ఉంది.